కీమో తర్వాత కూడా మిగిలే నిద్రాణ కణాలు: ఎక్కడుంటాయి, మందుకు ఎందుకు లొంగవు?

నీలాంబరి

అందరికీ నమస్కారం. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ చికిత్స చాలా ఏళ్ల కిందటే పూర్తయింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్, ఆ తర్వాత ఐదేళ్లు హార్మోన్ మాత్రలు. ఒక్క పూట కూడా మానలేదు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ రకం, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్ సంకేతంతో పెరిగే రకం. ప్రతి చెకప్‌లోనూ అంతా బాగుందన్నారు. ఇప్పుడు నడుము నొప్పి తగ్గట్లేదని వెళ్తే వెన్నుపూసలో మచ్చ కనిపించింది. బయాప్సీ చేస్తే పాత క్యాన్సరేనని తేలింది.

అప్పట్లోనే విడిపోయి వెళ్లిన కణాలు ఇన్నాళ్లూ నిద్రాణంగా ఉండి ఇప్పుడు మేల్కొన్నాయని డాక్టర్ గారు చెప్పారు. ఆ టెన్షన్‌లో అక్కడ ఇంకేమీ అడగలేకపోయాం. ఇంటికొచ్చాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఇన్నేళ్లు అవి ఎక్కడున్నాయి? కీమో మందు రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది కదా, వాటిని ఎందుకు చంపలేదు? మేం చేసిన పనేదైనా వాటిని లేపిందా?

ఓదార్పు మాటలు చాలామంది చెప్పారు. నాకు జరిగిందేమిటో తెలియాలి. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

కణవిద్య

నీలాంబరి గారూ, నేను కణజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, డాక్టర్‌ని కాదు. మీ అక్కగారి చికిత్స గురించి చెప్పే అర్హత నాకు లేదు. కణాల సంగతి మాత్రం చెప్పగలను.

పాల గ్రంథి, పేగు లోపలి పొర, చర్మం లాంటి చోట్ల ఉండే కణాలు చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకునే బతుకుతాయి. కణం పైన ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. అవి కొలాజెన్, లామినిన్ వంటి వాటిని పట్టుకుని, కణం సరైన చోటే ఉందన్న సంకేతాన్ని లోపలికి పంపుతూ ఉంటాయి. పట్టు తప్పితే సంకేతం ఆగిపోతుంది, కణం తనంతట తానే చచ్చిపోతుంది. ఈ రకం మరణానికి 1994లో స్టీవెన్ ఫ్రిష్ బృందం అనోయికిస్ అని పేరు పెట్టింది. ఒక చోటి కణం ఊడిపోయి ఇంకోచోట పాతుకుపోకుండా శరీరం పెట్టుకున్న ఏర్పాటు ఇది.

ఊడిపోయిన కణానికి ఇంకో కష్టం కూడా ఉంది. జోన్ బ్రూగీ ప్రయోగశాల 2009లో చూపించింది: పట్టు పోగానే కణం గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోవడం తగ్గిపోతుంది, శక్తి పడిపోతుంది, హాని చేసే ఆక్సిజన్ రకాలు పెరుగుతాయి. రక్తంలో పడ్డాక ప్రవాహపు ఒత్తిడి, రోగనిరోధక కణాల దాడి సరేసరి. 1970లో ఐజాయా ఫిడ్లర్ మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి ఎలుకల రక్తంలోకి ఎక్కించాడు. 24 గంటలు గడిచేసరికి బతికున్నవి 0.1 శాతం కూడా లేవు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. వేలల్లో ఒకటిగా మిగిలిన ఆ కణాలు ఎలాంటివో ఆలోచించండి. పట్టు లేకపోయినా మరణ సంకేతాన్ని అణచుకోగలిగినవి. తక్కువ శక్తితో నెట్టుకొచ్చేవి. తన లోపలి పాత భాగాలను తానే కరిగించి వాడుకునేవి, దీన్నే ఆటోఫజీ అంటాం. కీమో మందు కణాన్ని చంపేదీ చాలావరకు అదే మరణ మార్గం గుండానే. అంటే విడిపోయినప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి పనికొచ్చిన లక్షణాలే తర్వాత మందు నుంచి కూడా కాపాడతాయి. మందును ఒక్కసారి కూడా చూడకముందే ఆ కణం సగం సిద్ధమై ఉంటుంది. చదివినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

కొన్ని కణాలు ఒంటరిగా కాకుండా గుంపుగా ఊడతాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి పట్టు పూర్తిగా పోయినట్టు కాదు. 2014లో ఎలుకల్లో కొలిచి చూస్తే, రక్తంలో తిరిగే గుంపులకు కొత్త చోట కణితిగా పెరిగే శక్తి ఒంటరి కణాల కంటే 23 నుంచి 50 రెట్లు ఎక్కువని తేలింది. అండాశయ క్యాన్సర్‌లో పొట్టలో చేరే నీటిలో ఇలాంటి ముద్దలే తేలుతుంటాయి. తేలుతున్నంతసేపు విభజన బాగా తగ్గించుకుంటాయి, కీమోకు అంతగా లొంగవు. మళ్లీ ఏ పొరకైనా అతుక్కున్నాక విభజన అందుకుంటాయి.

ఎక్కడున్నాయన్న ప్రశ్నకు ముందుగా చూడాల్సింది ఎముక మజ్జ. కాలేయం, ఊపిరితిత్తులు, లింఫ్ గ్రంథుల్లో కూడా ఉంటాయి. అక్కడ ఎందుకు ఆగిపోతాయో రాత్రికి రాస్తాను.

డాక్టర్_మైత్రి

నేను ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్ డాక్టర్‌ని. కణవిద్య గారు రాసినదానికి వైద్యం వైపు నుంచి కొంచెం కలుపుతాను.

నీలాంబరి గారూ, మీ అక్కగారి విషయంలో చికిత్స సరిగా జరగలేదని మీరు చెప్పిన దాన్నిబట్టి ఎక్కడా అనిపించలేదు. ఈ రకం క్యాన్సర్‌కు ఈ స్వభావం ఉంది. 2017లో వచ్చిన ఒక విశ్లేషణలో, ఐదేళ్లు హార్మోన్ చికిత్స పూర్తి చేసి అప్పటికి క్యాన్సర్ లేని 62,923 మంది మహిళల వివరాలు చూశారు. 5వ ఏడాది నుంచి 20వ ఏడాది వరకు ప్రతి ఏడాదీ కొందరికి తిరగబెడుతూనే వచ్చింది. మొదట్లో కణితి చిన్నదై, లింఫ్ గ్రంథుల్లోకి పాకనివారిలో కూడా దూర అవయవాల్లో తిరగబెట్టే అవకాశం ఆ 15 ఏళ్లలో 13 శాతం. కణితి పెద్దదై, 4 నుంచి 9 గ్రంథుల్లోకి పాకినవారిలో 41 శాతం.

రోగ నిర్ధారణ నాటికే కణాలు వెళ్లిపోయి ఉంటాయనడానికి కూడా ఆధారం ఉంది. 2005లో 4,703 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మజ్జ పరీక్షలను కలిపి చూస్తే 30.6 శాతం మందిలో ఈ కణాలు కనిపించాయి. వీళ్లెవరికీ అప్పటికి స్కాన్‌లో వేరే చోట క్యాన్సర్ లేదు. ఇందులో రెండో సగం కూడా అంతే ముఖ్యం: మజ్జలో కణాలున్న అందరికీ తిరగబెట్టలేదు. చాలామందిలో అవి జీవితాంతం అలాగే ఉండిపోతాయి, లేదా చచ్చిపోతాయి.

కీమో పనిచేయలేదని మాత్రం అనుకోకండి. అప్పటికి విభజన చెందుతున్న వాటిని అది చంపింది. అవి మిగిలి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

తర్కం

చర్చ బాగుంది. నాకో సందేహం. కీమో మందులు విభజన చెందే కణాల మీద పనిచేస్తాయి. పాక్లిటాక్సెల్ విభజన మధ్యలో కణాన్ని ఇరికిస్తుంది, 5-ఎఫ్‌యూ డీఎన్ఏ తయారీని చెడగొడుతుంది. నిద్రాణ కణం విభజన చెందదు కాబట్టి మందు తగలదు. ఇంత సూటిగా ఉంటే ఇక మిస్టరీ ఏముంది? వాటిని కావాలని మేల్కొలిపి, లేచినప్పుడు కీమో ఇస్తే సరిపోదా?

కణవిద్య

తర్కం గారూ, పాఠ్యపుస్తకాల్లో ఉన్నది మీరన్నదే. చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. అది అబద్ధం కాదు, కానీ మొత్తం కథ కాదు.

ముందు నిద్ర సంగతి. కొత్త చోటికి చేరిన కణం లోపల రెండు సంకేతాల మధ్య బేరీజు నడుస్తుంది. ఈఆర్‌కే అనేది విభజన చెందమంటుంది, పీ38 అనేది ఆగమంటుంది. ఈఆర్‌కేది పైచేయి అయితే పెరుగుదల, పీ38ది పైచేయి అయితే నిద్ర. హూలియో అగీర్రే-గీసో బృందం రెండు దశాబ్దాలకు పైగా దీని మీదే పనిచేస్తోంది. మజ్జలో టీజీఎఫ్-బీటా 2 అనే ప్రోటీన్ ఎక్కువ. అది పీ38 వైపు మొగ్గేలా చేస్తుంది. ఆ తర్వాత ఎన్ఆర్2ఎఫ్1 వంటి జన్యువులు పైకొచ్చి కణాన్ని విభజన చక్రం బయట నిలబెడతాయి.

నిజానికి మన రక్తాన్ని తయారుచేసే మూలకణాలు కూడా మజ్జలో ఇలాగే నిశ్శబ్దంగా ఉంటాయి. వాటిని కాపాడటానికి ఉన్న సంకేతాలనే క్యాన్సర్ కణం వాడుకుంటోంది.

ఇప్పుడు మీ ప్రశ్న. సైరస్ గజర్ బృందం 2013లో ఈ కణాలు చిన్న రక్తనాళాల గోడను ఆనుకుని ఉంటాయని చూపించింది. కదలకుండా స్థిరంగా ఉన్న నాళం థ్రాంబోస్పాండిన్-1 అనే ప్రోటీన్‌తో వాటిని నిద్రలో ఉంచుతుంది. కొత్త నాళం మొలిచే కొన దగ్గర మాత్రం సంకేతాలు మారిపోయి కణం పెరగడం మొదలుపెడుతుంది. అదే బృందం 2019లో ఇంకో అడుగు వేసింది. నాళం పక్కనున్న కణాలు కీమోను తట్టుకోవడానికి కారణం విభజన లేకపోవడం ఒక్కటే కాదని, ఆ నాళం గోడతో ఇంటెగ్రిన్ల ద్వారా ఉన్న పట్టు కూడా అని ఎలుకల్లో తేల్చింది. ఆ ఇంటెగ్రిన్లను అడ్డుకుని కీమో ఇస్తే కణాలు నిద్రలో ఉండగానే చనిపోయాయి. లేపాల్సిన పని రాలేదు.

ఇది చదివినప్పుడు నాకు మొత్తం దృశ్యం మారిపోయింది. పట్టు తప్పినప్పుడు బతకడం నేర్చుకున్న కణం, కొత్త చోట పట్టు దొరికాక ఆ పట్టునే కవచంగా మార్చుకుంటోంది. కాబట్టి మనం అడగాల్సింది ఎలా లేపాలని కాదు, ఆ పట్టు ఎలా విడిపించాలని.

లేపి చంపడం విషయానికొస్తే, ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో తెలియని కణాలను ఒకేసారి లేపాలి, లేచిన ప్రతిదాన్నీ చంపాలి. ఒక్కటి తప్పించుకున్నా, నిద్రలో ఉండగా హాని లేనిదాన్ని మనమే లేపినట్టు. రోగుల మీద ఆ ప్రయోగం చేయమని నేను మాత్రం అనలేను.

డాక్టర్_మైత్రి

చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

తర్కం

ఒప్పుకుంటున్నాను, లేపడం ప్రమాదమే. ఇంకో విషయం. 2010లో సెటిల్‌మన్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకు చంపే మోతాదుకు చాలా ఎక్కువగా ఎర్లోటినిబ్ మందు ఇచ్చింది. దాదాపు 0.3 శాతం మిగిలాయి. మందు తీసేసి పెంచితే వాటి సంతానం మళ్లీ మందుకు లొంగింది. అంటే మ్యుటేషన్ (జన్యువులో శాశ్వత మార్పు) కాదు, తాత్కాలిక స్థితి. మీరు చెప్పే నిద్రాణ కణాలూ ఇవీ ఒకటేనా?

కణవిద్య

బంధుత్వం ఉంది కానీ ఒకటి కాదు. మీరు చెప్పినవాటిని మందును తట్టుకునే కణాలు అంటారు, ఆ స్థితికి నెట్టింది మందే. నేను చెప్పినవి మందు రాకముందే, చోటు మారడం వల్ల ఆగినవి. పేగు క్యాన్సర్‌లో 2021లో చేసిన పనిలో ఆసక్తికరమైన పోలిక కనిపించింది. కొన్ని జంతువులు పరిస్థితి బాగోలేనప్పుడు గర్భంలో పిండం ఎదుగుదలను కొంతకాలం ఆపుకుంటాయి. కీమోను తట్టుకున్న కణాల జన్యు పనితీరు ఆ ఆగిన పిండాల పనితీరును పోలి ఉంది. ఏదో కొన్ని ప్రత్యేక కణాలకే కాదు, ఆ కణితిలోని కణాలన్నిటికీ ఆ శక్తి ఉందని కూడా తేలింది.

రెండిటికీ కలిసే చోటు ఏమిటంటే, జన్యువులో శాశ్వతమైన మార్పు లేదు. అందుకే ఏళ్ల తర్వాత తిరగబెట్టినా మందులకు లొంగే అవకాశం ఉంటుంది. నీలాంబరి గారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పల్లవి_కె

నేను చికిత్స పూర్తి చేసుకున్న రోగిని. ఈ చర్చ చదువుతుంటే భయం వేసింది, కానీ చదవడం ఆపలేకపోయాను. రెండు ప్రశ్నలు. మూడు నెలలకోసారి రక్త పరీక్ష, ఏడాదికోసారి పెట్ స్కాన్ చేయించుకుంటే ముందే పట్టుకోవచ్చా? ఇప్పుడు రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ చూసే పరీక్ష వచ్చిందంటున్నారు కదా. రెండోది, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడమని తెలిసినవాళ్లు అంటున్నారు. వాడొచ్చా?

డాక్టర్_మైత్రి

పల్లవి గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది. క్లినిక్‌లో రోజూ వినే ప్రశ్న ఇది.

ఒక నిద్రాణ కణాన్ని కానీ, పదుల కణాల గుంపును కానీ ఏ స్కాన్ చూడలేదు. స్కాన్‌లో కనిపించాలంటే కొన్ని మిల్లీమీటర్ల ముద్ద కావాలి, అందులో లక్షల కణాలుంటాయి. 1994లో ఇటలీలో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయినవారిలో సగం మందికి ఎముకల స్కాన్లు, ఎక్స్‌రేలు తరచుగా తీశారు. మిగతావారికి మామూలు పరీక్ష, మామోగ్రామ్ మాత్రమే. మరణాల్లో తేడా రాలేదు. అందుకే ఏ లక్షణమూ లేనప్పుడు తరచుగా స్కాన్లు వద్దని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ పరీక్షలు తెచ్చే ఆందోళన మాత్రం నిజమైనది.

రక్తంలోని క్యాన్సర్ డీఎన్ఏ పరీక్ష విషయం వేరు. రెండో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత కీమో ఎవరికి అవసరమో తేల్చడానికి అది పనికొస్తుందని 2022లో డైనమిక్ ట్రయల్ చూపించింది. పరీక్షను బట్టి నిర్ణయించిన వర్గంలో 15 శాతం మందికే కీమో ఇచ్చారు, మామూలు వర్గంలో 28 శాతానికి. రెండేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి వర్గంలో 93.5 శాతం, రెండో వర్గంలో 92.4 శాతం. కానీ ఆ డీఎన్ఏ చచ్చే కణాల నుంచి రక్తంలోకి వస్తుంది. కదలకుండా కూర్చున్న కణం దాదాపు ఏమీ వదలదు. కాబట్టి పరీక్ష నెగెటివ్ వస్తే నిద్రాణ కణాలు లేవని అర్థం కాదు.

మీరు చేయాల్సింది ఇది: వారాల తరబడి తగ్గని ఎముక నొప్పి, ఆయాసం, కొత్తగా మొదలైన తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏదున్నా తర్వాతి చెకప్ దాకా ఆగకుండా వెళ్లండి.

మందులకొట్టు_శ్రీను

నేను ఫార్మసిస్టుని. యాంటీ ఆక్సిడెంట్ల మీద నేను రాస్తాను, ఎందుకంటే రోజూ వీటి కోసం అడుగుతారు, క్యాన్సర్ రోగుల ఇంటివాళ్లే ఎక్కువ.

కణవిద్య గారు పైన చెప్పిన 2009 ప్రయోగాన్ని మళ్లీ చూడండి. ఊడిపోయిన కణం చావడానికి ఒక కారణం హాని చేసే ఆక్సిజన్ రకాలు. అదే ప్రయోగంలో యాంటీ ఆక్సిడెంట్ కలిపితే ఊడిన కణాల్లో శక్తి మళ్లీ పెరిగి ఎక్కువసేపు బతికాయి. అవి కాపాడింది మన మంచి కణాలను కాదు, చావాల్సిన కణాలను. 2015లో షాన్ మారిసన్ బృందం మనిషి మెలనోమా కణాలను ఎలుకల్లో పెట్టి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఇచ్చింది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు, దూరంగా పాకడం, రెండూ పెరిగాయి.

ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటించకూడదు, నిజమే. అయితే రొమ్ము క్యాన్సర్ కీమో ట్రయల్‌లో పాల్గొన్న మహిళల సప్లిమెంట్ల వాడకాన్ని 2020లో విశ్లేషించినప్పుడు, కీమోకు ముందూ కీమో సమయంలోనూ యాంటీ ఆక్సిడెంట్లు వాడినవారిలో తిరగబెట్టడం ఎక్కువగా ఉండే ధోరణి కనిపించింది. గణాంకాల పరంగా అది ఖచ్చితమైన తేడా కాదు, కానీ మేలు వైపు మాత్రం లేదు. పండ్లు, కూరగాయలు తినడం వేరు, మాత్రల్లో వచ్చే పెద్ద మోతాదు వేరు. మీ ఆంకాలజిస్టుకు చెప్పకుండా ఏ సప్లిమెంటూ మొదలుపెట్టకండి. "విటమిన్లే కదా" అనే మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పల్లవి_కె

చాలా థాంక్స్ ఇద్దరికీ. ఇంట్లో ఒక డబ్బా తెరిచే ఉంది. రేపే డాక్టర్ గారికి చూపించి అడుగుతాను.

నీలాంబరి

అందరికీ కృతజ్ఞతలు. రెండుసార్లు చదివాను. నా మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. వాటిని లేపేది ఏమిటి? కిందటేడాది అక్కకు ఫ్లూ గట్టిగా వచ్చింది. మా అబ్బాయి దగ్గర అంటుకుంది. అందుకే అడుగుతున్నాను.

కణవిద్య

జాగ్రత్తగా రాస్తాను.

నిద్ర చెదరడానికి ప్రయోగాల్లో ఎక్కువగా కనిపించిన కారణం వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల మీదకు తమ డీఎన్ఏ పోగులనే వలగా విసురుతాయి. ఆ పోగుల మీదుండే ఎంజైములు చుట్టుపక్కల లామినిన్‌ను కోస్తాయి. కోసిన లామినిన్‌ను క్యాన్సర్ కణంలోని ఇంటెగ్రిన్ గుర్తిస్తే విభజన మొదలవుతుంది. మికాలా ఎగెబ్లాడ్ బృందం 2018లో దీన్ని ఎలుకల ఊపిరితిత్తుల్లో చూపించింది. అక్కడ వాపుకు కారణం పొగాకు పొగ, లేదా బ్యాక్టీరియా పదార్థం. గమనించారా, మళ్లీ పట్టు దగ్గరికే వచ్చాం.

2025లో వైరస్‌ల మీద కూడా పని వచ్చింది. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ వైరస్‌లు సోకిన ఎలుకల ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలు కొద్ది రోజుల్లోనే పెరగడం మొదలుపెట్టాయి. ఐఎల్-6 అనే సంకేతం అందులో కీలకం. క్యాన్సర్ నుంచి బయటపడినవారి వివరాల్లో కోవిడ్ సోకినవారికి ప్రమాదం ఎక్కువన్న సూచన కూడా అదే పనిలో ఉంది.

ఎముక విషయంలో, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు చురుకైతే అక్కడి కణాల చోటు మారిపోతుంది. వయసుతో, మెనోపాజ్‌తో ఎముక కరగడం పెరుగుతుంది. పెద్ద ఆపరేషన్ తర్వాత ఒళ్లంతా వచ్చే స్పందన, ఒత్తిడి హార్మోన్లు, ఇవి కూడా ఎలుకల్లో కారణాలుగా కనిపించాయి.

డాక్టర్_మైత్రి

నీలాంబరి గారూ, ఇది నేను చెప్పాలి. మీ అబ్బాయి వల్ల ఇది జరిగిందని ఏ శాస్త్రవేత్తా, ఏ డాక్టరూ చెప్పలేరు. ఆ ఎలుకల ప్రయోగం ఊపిరితిత్తుల గురించి. మీ అక్కగారికి వచ్చింది వెన్నుపూసలో. పైగా వెన్నులో నొప్పి తెలిసే స్థాయికి చేరిందంటే ఆ కణాలు చాలాకాలం కిందటే లేచి ఉండవచ్చు, బహుశా ఆ ఫ్లూకు ముందే. ఆ అబ్బాయి ముందు ఈ మాట ఎప్పుడూ అనకండి, మీ మనసులో నుంచి కూడా తీసేయండి.

ఆ పరిశోధన నుంచి తీసుకోవాల్సింది ఏమైనా ఉంటే, క్యాన్సర్ నుంచి బయటపడినవారు ఫ్లూ, కోవిడ్ టీకాల గురించి తమ డాక్టర్‌ను అడగడం. పొగ తాగేవారు మానేయడం.

తర్కం

రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఎవరూ రాయలేదు. 2003లో నమోదైన ఒక కేసు ఉంది. మెలనోమాకు ఆపరేషన్ అయి 16 ఏళ్లు గడిచిన ఒకరు చనిపోయాక కిడ్నీలు దానం చేశారు. ఆ కిడ్నీలు తీసుకున్న ఇద్దరికీ మెలనోమా వచ్చింది. కిడ్నీ మార్పిడి చేసినవారికి రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తారు. అంటే 16 ఏళ్లు ఆ కణాలను పట్టి ఉంచింది దాత రోగనిరోధక శక్తే అని అర్థమా?

కణవిద్య

శాస్త్రవేత్తలు అలాగే అర్థం చేసుకుంటున్నారు. నేను ఇందాక ఒంటరి కణం ఆగిపోవడం గురించే చెప్పాను. ఇంకో రకం నిద్ర ఉంది. చిన్న గుంపు విభజన చెందుతూనే ఉంటుంది, అంతే సంఖ్యలో చస్తుంటుంది, మొత్తం మీద పెరగదు. దాన్ని ఆపేది రోగనిరోధక కణాలు కావచ్చు, రక్తనాళాలు లేకపోవడం కావచ్చు. కొత్త నాళాలు రాకపోతే కణితి 1 నుంచి 2 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుందని జూడా ఫోక్‌మన్ 1971లోనే ప్రతిపాదించారు.

దీనికి మనుషుల్లో ఆధారం 2004లో వచ్చింది. రొమ్ము తొలగించి 7 నుంచి 22 ఏళ్లయి, ఏ వ్యాధి లక్షణమూ లేని 36 మందిని పరీక్షిస్తే 13 మంది రక్తంలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. రక్తంలో ఆ కణాలు కొద్ది గంటలకు మించి బతకవు. కాబట్టి ఎక్కడో ఒక చోట అవి ఏళ్ల తరబడి పుడుతూ, చస్తూ ఉండాలి.

పూర్తిగా ఆగిన ఒంటరి కణం రోగనిరోధక వ్యవస్థకు కనపడకుండా తప్పించుకుంటుంది. జోన్ మస్సగే బృందం 2016లో చూపించింది: ఆ కణాలు తమ విభజనను తామే అణచుకునే డీకేకే1 అనే ప్రోటీన్ విడుదల చేస్తాయి, ఎన్‌కే కణాలు (క్యాన్సర్ కణాలను చంపే ఒక రకం రోగనిరోధక కణాలు) గుర్తుపట్టే జెండాలను, అంటే పైనుండే గుర్తులను కూడా దించేస్తాయి. లేచి పెరగబోతే ఆ జెండాలు తిరిగి వస్తాయి, అప్పుడు చాలావరకు దొరికిపోతాయి.

పల్లవి_కె

మరి వీటిని నిద్రలోనే చంపే మందు ఏదైనా ఉందా? ఎలుకల్లో కాదు, మాలాంటి వాళ్లకు.

డాక్టర్_మైత్రి

ఉన్న మందులతో మొదలుపెడతాను. హార్మోన్ మాత్రలు ఈ కణాలను లేవనివ్వవు. అట్లాస్ ట్రయల్‌లో టమాక్సిఫెన్ ఐదేళ్లకు ఆపకుండా పదేళ్లు వాడినవారిలో తిరగబెట్టడం ఇంకా తగ్గింది. 5 నుంచి 14 ఏళ్ల మధ్య 25.1 శాతం నుంచి 21.4 శాతానికి. అందరికీ పదేళ్లు అవసరం లేదు, దుష్ఫలితాలు చూసుకుని నిర్ణయిస్తాం. మెనోపాజ్ దాటినవారిలో ఎముకలను గట్టిపరిచే బిస్ఫాస్ఫోనేట్లు ఎముకలో తిరగబెట్టడాన్ని పదేళ్లలో 8.8 శాతం నుంచి 6.6 శాతానికి తగ్గించాయి. ఆస్టియోక్లాస్ట్‌ల గురించి కణవిద్య గారు రాసింది ఇక్కడ గుర్తుచేసుకోండి.

నేరుగా నిద్రాణ కణాల మీద ఎక్కుపెట్టిన మొదటి ప్రయత్నాల్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి క్లెవర్ ట్రయల్ ఒకటి, ఫలితాలు 2025లో వచ్చాయి. చికిత్స పూర్తయి, మజ్జలో ఈ కణాలు కనిపించిన 51 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలు. కొందరికి హైడ్రాక్సీక్లోరోక్విన్, కొందరికి ఎవరోలిమస్, కొందరికి రెండూ ఇచ్చారు. మొదటిది ఆటోఫజీని అడ్డుకుంటుంది, రెండోది పెరుగుదల, శక్తి వ్యవహారాలు చూసే ఎంటార్ మార్గాన్ని. ఎక్కువమందిలో ఆ కణాలు తగ్గాయి లేదా కనిపించకుండా పోయాయి. దాదాపు మూడున్నరేళ్ల పరిశీలనలో తిరగబెట్టింది ఇద్దరికే.

నాకు ఈ ఫలితం చాలా ఆశ కలిగించింది. కానీ 51 మంది చాలా చిన్న సంఖ్య, నిద్రాణ కణాల విషయంలో మూడున్నరేళ్లు చాలా చిన్న కాలం. దయచేసి ఎవరూ హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనుక్కుని వేసుకోకండి. గుండె లయ మీద, కంటి రెటీనా మీద దాని ప్రభావం ఉంటుంది. దీని తర్వాతి ట్రయల్స్ నడుస్తున్నాయి. అర్హత ఉందేమో మీ డాక్టర్‌ను అడగండి.

కణవిద్య

ఈ ట్రయల్‌లో నాకు ముఖ్యంగా అనిపించింది: బాగా పెరిగిపోయిన క్యాన్సర్ మీద అంతగా పనిచేయని మందు కూడా నిద్రలో ఉన్న కణం మీద పనిచేయగలదు. నిద్రలో ఉన్న కణానికి ఆటోఫజీయే ఆధారం. దాన్ని అడ్డుకుంటే నిలబడలేదు.

నీలాంబరి

ఇప్పుడు మా అక్క విషయంలో అవి లేచిపోయాయి. ఇక ఏం అడగాలి డాక్టర్ గారిని? వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది.

డాక్టర్_మైత్రి

నాలుగు విషయాలు అడగండి.

కొత్త బయాప్సీలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 రిసెప్టర్లు (కణానికి పెరగమనే సంకేతాలను అందుకునే ప్రోటీన్లు) మళ్లీ చూశారా? మొదటి కణితికీ ఇప్పటిదానికీ కొందరిలో తేడా వస్తుంది, చికిత్స దాని మీదే ఆధారపడుతుంది. ఈస్ట్రోజెన్ పాజిటివ్‌గానే ఉంటే హార్మోన్ మందుతో పాటు సీడీకే 4/6 నిరోధకాలు (పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్) ఇవ్వవచ్చా? ఇవి విభజన చక్రాన్నే ఆపుతాయి. చాలామందిలో ఏళ్ల తరబడి వ్యాధిని అదుపులో ఉంచుతాయి.

మూడోది, ఎముకకు జోలెడ్రోనిక్ యాసిడ్ కానీ డెనోసుమాబ్ కానీ ఇస్తారా? ఇచ్చేట్టయితే మొదటి ఇంజెక్షన్‌కు ముందే పంటి డాక్టర్‌కు చూపించి, పీకాల్సిన పళ్లేమైనా ఉంటే ఆ పని పూర్తి చేయించుకోవాలి. ఈ మందుల మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానకపోవడం అనే సమస్య రావచ్చు. నాలుగోది, వెన్నుపూస ఎంత బలంగా ఉంది, రేడియేషన్ అవసరమా? కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం పట్టు తప్పడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నీలాంబరి

కాళ్లు బాగానే ఉన్నాయి, ఇప్పుడే అడిగి కనుక్కున్నాను. రిపోర్టులో ఈస్ట్రోజెన్ పాజిటివ్ అనే ఉంది, హెర్2 నెగెటివ్. దవడ పన్ను ఒకటి ఎప్పటి నుంచో నొప్పి అంటోంది, రేపు పొద్దున్నే పంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.